ఒకటే ఎర్రలైటు, రెండు జబ్బులు

క్రేను లారీ కొత్తకోటలో బయలుదేరిందని పొద్దున ఎనిమిదింటికి ఫోను వచ్చింది. ఎంత నిదానంగా వచ్చినా పదిన్నరకల్లా పంపుహౌసు ముందు ఆగుతుంది. వచ్చినవాళ్ళు మోటారు బోల్టులు విప్పుతారు, గొలుసులు తగిలించి లేపుతారు, తీసుకుపోతారు. లోపలి రాగితీగ వైండింగు మార్చి తిరిగి తెచ్చి బిగించేసరికి తక్కువలో తక్కువ ఇరవై రోజులు పడుతుంది.

అది రెండు వేల ఆరో సంవత్సరం, మే నెల. తుంగభద్ర ఇసుక మధ్యలో సన్నటి పాయగా మిగిలింది. రాజోలికి ఎగువన, ఒడ్డున ఉన్న ఆ పంపుహౌసు నుంచే పద్నాలుగు ఊళ్ళకు తాగునీళ్ళు పోవాలి. అక్కడ ఉండాల్సిన రెండో మోటారును చలికాలంలోనే వేరేచోట అవసరమని పట్టుకుపోయారు. ఉన్నదల్లా ఈ ఒక్కటే. అది కూడా సోమవారం నుంచి నడవడం లేదు. ఇవాళ బుధవారం.

ప్రేమలత ఫోను పెట్టేసి మళ్ళీ రిజిస్టరు ముందు కూర్చుంది. ఆమె ఆ పంపుహౌసులో ప్యానెల్ ఆపరేటరు. ఇరవై ఆరేళ్ళు. అమ్మానాన్నలు మేస్త్రీల వెంట కాలవ పనులకూ డ్యాము పనులకూ దేశాలు పట్టుకు తిరిగిన కూలీలు. చిన్నప్పుడు ఆమె నిద్రపోయింది కాంక్రీటు కలిపే మిషన్ల పక్కన వేసిన గుడిసెల్లో. మిషను నడక మారితే పెద్దవాళ్ళకంటే ముందు ఆ పిల్లే లేచి కూర్చునేదని తల్లి ఇప్పటికీ చెప్పుకుంటుంది. తర్వాత హాస్టల్లో ఉండి చదివి, వనపర్తిలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, మూడేళ్ళ కింద ఇక్కడ చేరింది.

ఈ మోటారు గొడవ మూడు వారాల కిందట మొదలైంది. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది. ప్యానెల్ మీద ఎర్రలైటు వెలిగేది. మళ్ళీ పచ్చ బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు నడిచేది. ఒకరోజు నాలుగుసార్లు ఆగేది, మర్నాడు ఒక్కసారీ ఆగేది కాదు. చూడడానికి ఎవరైనా వచ్చిన రోజున అస్సలు ఆగేది కాదు. వచ్చినవాళ్ళు అన్నీ తట్టి చూసి, అంతా బాగానే ఉందని సంతకం పెట్టి పోయేవాళ్ళు. సోమవారం పొద్దుటి నుంచి మాత్రం వరస మారింది. ఎన్నిసార్లు నొక్కినా మోటారు లేస్తుంది, కాసేపటికే ఆగుతుంది. ఇంజనీరు శ్రవణ్ కుమార్ గద్వాల నుంచి ఫోనులోనే విని, లోపల వైండింగు పోతున్నట్టుంది, మొత్తంగా కాలిపోకముందే క్రేనుతో లేపించి పంపేద్దామని నిశ్చయించాడు.

ఆ ప్యానెల్‌తో చిక్కేమిటంటే, మోటారు ఎందుకు ఆగినా వెలిగేది అదే ఎర్రలైటు. ఆపడానికి కారణాలు నాలుగున్నాయి. బావిలో నీటిమట్టం తగ్గితే ఆపుతుంది. బేరింగులకు చల్లనీళ్ళు అందకపోతే ఆపుతుంది. మోటారు ఒళ్ళు వేడెక్కితే ఆపుతుంది. ఇక నాలుగోది పెద్ద పైపు మీదున్న వాల్వు. మోటారు లేచాక ఆ వాల్వు దానంతట అదే తెరుచుకోవాలి. పూర్తిగా తెరుచుకున్నాక పక్కనున్న చిన్న స్విచ్చిని నొక్కి, తెరుచుకున్నానని ప్యానెల్‌కు కబురు పంపాలి. కబురు రాకపోయినా మోటారు ఆగుతుంది. ఆపింది ఈ నాలుగింటిలో ఎవరో ఎర్రలైటు చెప్పదు.

మంగళవారమంతా ప్రేమలత ఊరుకోలేక, మధ్యమధ్య చల్లారనిస్తూ, మోటారును ఆరుసార్లు లేపింది. గడియారం చూసి ఎంతసేపు నడిచిందో రాసిపెట్టుకుంది. ఇప్పుడు ఆ కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టుకుని చూస్తోంది. మూడు వారాల పాత పేజీల్లో మోటారు పదిహేడు నిమిషాలకు ఆగింది, గంటా నలభైకి ఆగింది, ఆరు నిమిషాలకు ఆగింది, ఒకసారి పదకొండు గంటలు నడిచి ఆగింది. నిన్నటి కాగితంలో మాత్రం రెండు నిమిషాలు, రెండు నిమిషాలు, రెండు నిమిషాలు. ఆరుసార్లూ రెండు నిమిషాలే.

వేడెక్కే మోటారు గడియారం చూసుకుని ఆగదు. నిన్న ఎండలో ఒకసారి లేపింది, చల్లబడ్డాక ఒకసారి లేపింది. అయినా సెకను తేడా లేదు. ఆ రెండు నిమిషాలు ఎవరివో ఆమెకు తెలుసు. వాల్వు కబురు కోసం ప్యానెల్ ఎదురుచూసే గడువు అది.

కుర్చీ వెనక్కి తోసి బయటికి పరిగెత్తింది. మల్లయ్య బావి జాలీకి పట్టిన నాచు గీకుతున్నాడు. అరవై దాటిన మనిషి, పంపుహౌసు కట్టిన నాటి నుంచి అక్కడే హెల్పరు. ఆమె ఆయన్ను వాల్వు దగ్గర నిలబెట్టి, తాను లోపలికి వచ్చి పచ్చ బటన్ నొక్కింది. మోటారు లేచింది. వాల్వు కడ్డీ మెల్లగా పైకి వస్తున్నదని మల్లయ్య కేకవేసి చెప్పాడు. పూర్తిగా వచ్చేసిందన్నాడు. నీళ్ళు పోతున్న హోరు పైపులో వినబడుతూనే ఉంది. సరిగ్గా రెండు నిమిషాలకు మోటారు ఆగింది.

వాల్వు తెరుచుకుంది. తెరుచుకున్నానన్న కబురే రాలేదు. ప్రేమలత వాల్వు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. స్విచ్చిని నొక్కాల్సిన చిన్న ఇనుపరేకు కిందికి వంగి ఉంది. స్విచ్చికీ దానికీ మధ్య వేలు పట్టేంత సందు.

మల్లయ్య ముఖం పాలిపోయింది. చేతిలో గీకుడుబిళ్ళ కింద పెట్టేశాడు.

"ఆదివారం గ్రీజు పెట్టెతందుకు ఎక్కిన బిడ్డా," అన్నాడు. "కాలు దీనిమీదనే పెట్టిన. గిది గింత పని చేస్తదని నాకు తెల్వదు. నౌకరి తీసేస్తరేమో."

"కాలు పెట్టే తావుల దీన్ని బిగించినోళ్ళది తప్పు తాతా. నీది కాదు. స్పానరు ఇయ్యి."

రేకును సరిచేసి, బిగించి, వేలితో నొక్కి టిక్కుమనడం విని, ఆమె మళ్ళీ లోపలికి వచ్చింది. బటన్ నొక్కింది. ఇద్దరూ గడియారం కింద నిలబడ్డారు. ఒక నిమిషం. ఒకటిన్నర. రెండు. ముల్లు రెండు దాటి ముందుకు పోయింది. మోటారు నడుస్తూనే ఉంది. మల్లయ్య తల మీది రుమాలు తీసి ముఖం తుడుచుకుని మళ్ళీ కట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే జీపూ, దాని వెనక క్రేను లారీ వచ్చి ఆగాయి. జీపులోంచి శ్రవణ్ కుమార్ దిగాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మూడు రోజులుగా ఊళ్ళవాళ్ళ ఫోన్లకు జవాబు చెప్పి చెప్పి గొంతు పోయింది. లారీలోంచి నాగేశ్ దిగాడు. కొత్తకోటలో హైవే పక్కన మోటార్లు బాగుచేసే షెడ్డు అతనిది. నడుస్తున్న మోటారు చప్పుడు విని ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు.

ప్రేమలత రేకు సంగతి చెప్పింది. శ్రవణ్ కుమార్ ముఖం విప్పారింది. లారీని వెనక్కి పంపుదామా అని నాగేశ్ వైపు తిరిగాడు. ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది, మోటారు హోరు జారిపోయి ఆగింది. ఎర్రలైటు వెలిగింది. లేపి పదమూడు నిమిషాలైంది.

శ్రవణ్ కుమార్ టోపీ తీసి బల్ల మీద పడేశాడు. మూడు వారాలుగా అప్పుడప్పుడు ఆగేది, సోమవారం నుంచి ప్రతిసారీ ఆగుతోంది, జబ్బు ముదిరిందనడానికి ఇంకేం కావాలి అన్నాడు. గొలుసులు దింపమని నాగేశ్‌కు సైగ చేశాడు.

విచిత్రమేమిటంటే ప్రేమలతకు దిగులు కలగలేదు. ఎక్కడో పొదల్లో దాక్కున్నదాని తోక కనబడినట్టు ఉంది.

"ముదరలేదు సార్," అంది. "ఇవి రెండు జబ్బులు. ఒకటి ఆదివారం వచ్చింది, వచ్చి పోకుండ కూసున్నది. దాన్ని ఇప్పుడే తీసేసినం. ఇంకోటి మూడు వారాల నుంచి వస్తుంది, పోతుంది. దానికి రెండు నిమిషాల లెక్క లేదు. ఆదివారం వచ్చినదాని కింద ఈ పాతది కనపడకుండ పోయింది, అంతే. ఇప్పుడు మళ్ళ కనపడ్డది. నాకు సాయంత్రం దాంక టైమియ్యుండ్రి."

శ్రవణ్ కుమార్ నాగేశ్ వైపు చూశాడు. నాగేశ్ నిజాయతీ గల పనివాడు. సంచిలోంచి మీటరు తీసి, మోటారు తీగలు విప్పి, వైండింగు చూశాడు. మంచిగానే చూపిస్తున్నదని ఒప్పుకున్నాడు. అయితే చల్లగా ఉన్నప్పుడు మంచిగా చూపించి, వేడెక్కాక మొరాయించే మోటార్లు తన చేతిలోంచి చాలా పోయాయన్నాడు. నాలుగింటి దాకా ఆగుతానన్నాడు. అంతకంటే ఆలస్యమైతే ఇవాళ మోటారును విప్పి తీసుకుపోవడం కుదరదు.

నాలుగింటి దాకా. అయిదు గంటలు కూడా లేదు. ఇటువంటి జబ్బుతో కష్టమంతా అక్కడే ఉంది. అది వచ్చినప్పుడు మనం చూడం, చూసినప్పుడు అది ఉండదు. రెప్పపాటులో తీగ తెగుతుంది, రెప్పపాటులో కలుస్తుంది. ఆ రెప్పపాటును పట్టుకుని మనం వచ్చేదాకా వదలకుండా ఉంచేది ఏదైనా కావాలి.

రెండో మోటారు పోయాక దాని ప్యానెల్ పెట్టె ఖాళీగా పడి ఉంది. ప్రేమలత దాని తలుపు తీసి, మూడు రిలేలు, మూడు చిన్న లైట్లు ఊడదీసింది. రిలే అంటే అగ్గిపెట్టెంత ఉండే స్విచ్చి, కరెంటు వస్తే టిక్కున పట్టుకుంటుంది, పోతే వదిలేస్తుంది. ఆమె వాటికి తీగలు మరోరకంగా కలిపింది. ఒకసారి వదిలేసిందంటే, కరెంటు మళ్ళీ వచ్చినా దానంతట అది పట్టుకోలేదు. చేత్తో నొక్కితేనే పట్టుకుంటుంది. వాల్వు పోగా మిగిలిన నీటిమట్టం, చల్లనీళ్ళు, వేడి, ఈ మూడు కాపలాలూ ప్యానెల్‌లో ఒకే తీగ మీద ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. మెయిను ఆపి, ఒక్కో కాపలా దాటిన చోట ఒక్కో రిలేను కలిపింది. మొదటి చోట తెగితే మూడు లైట్లూ ఆరిపోతాయి. రెండో చోట తెగితే రెండోదీ మూడోదీ ఆరిపోతాయి. మూడో చోట తెగితే మూడోది ఒక్కటే ఆరుతుంది. ఆరింది ఆరినట్టే ఉంటుంది.

నాగేశ్ మొదట గుమ్మానికి ఆనుకుని చూశాడు. తర్వాత దగ్గరికి వచ్చాడు. తర్వాత టార్చి పట్టుకున్నాడు. చివరికి తానే మూడో రిలే తీగలు గీకి ఇచ్చాడు.

పన్నెండున్నరకు మోటారు లేపారు. మూడు లైట్లూ వెలుగుతున్నాయి. అందరూ కూర్చుని చూశారు. అరగంటయింది. మోటారు దర్జాగా నడుస్తోంది. చూసేవాళ్ళుంటే అది ఆగదన్నది మల్లయ్యకు గట్టి నమ్మకం. ఇలా కాచుకు కూర్చుంటే నాలుగయిపోతుందని ప్రేమలతకు కాలు నిలవడం లేదు. అప్పుడు ఆమె మల్లయ్యను అడిగింది, అది ఆగేముందు ఏం జరుగుతుందో, ఎంత చిన్నదైనా, ఎప్పుడైనా గమనించాడా అని. రిజిస్టరులో ఆగిన టైములే ఉన్నాయి. ఆగేముందు సంగతులు ఎవరూ రాయలేదు.

మల్లయ్య చాలాసేపు ఆలోచించాడు.

"నేను అక్కడ గోడ పక్కన కూసుంటగద," అన్నాడు. "గుంటల చిన్న మోటరు గుర్రుమంటది. ఆ తర్వాతనే పెద్దది ఆగుతది. అది గుర్రుమన్నప్పుడల్ల ఆగదు బిడ్డా. కానీ ఆగినప్పుడు మాత్రం అది గుర్రుమన్నంకనే."

పైపుల నుంచి కారే నీళ్ళన్నీ మూలనున్న గుంటలోకి చేరతాయి. గుంట నిండితే దానిలోని చిన్న మోటారు తనంతట తాను లేచి నీళ్ళు బయటికి తోడేస్తుంది. ఎండాకాలంలో గుంట నిండడానికి ఒక్కోసారి గంట పడుతుంది, ఒక్కోసారి పూట పడుతుంది. పెద్ద మోటారు ఆగే టైములకు అందుకే ఒక లెక్కాపత్రం లేదు.

ప్రేమలత లేచి నిలబడింది. "అయితే గుంట మనమే నింపుదాం," అంది.

తర్వాత జరిగింది ఆ పంపుహౌసు చరిత్రలో అంతకుముందు ఎన్నడూ జరగనిది. మల్లయ్య, నాగేశ్, లారీ డ్రైవరు వరసగా నిలబడి బకెట్లతో నీళ్ళు అందించుకోవడం మొదలుపెట్టారు. నాలుగు బకెట్లకు గుంట నిండేది, చిన్న మోటారు గుర్రుమనేది, తోడేసి ఆగేది. పెద్ద మోటారు నడుస్తూనే ఉండేది. మళ్ళీ నాలుగు బకెట్లు. రెండోసారి ఏమీ కాలేదు. మూడోసారీ కాలేదు. శ్రవణ్ కుమార్ కాసేపు ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి, దాన్ని జేబులో వేసుకుని, ప్యాంటు మడిచి వరసలోకి వచ్చాడు. నాలుగోసారి ఏమీ కాలేదు. అయిదోసారి కాలేదు. చెమటతో అందరి చొక్కాలూ వీపులకు అతుక్కుపోయాయి. ప్రేమలత లైట్ల మీంచి కన్ను తిప్పడం లేదు.

ఆరోసారి చిన్న మోటారు గుర్రుమంది. దానివెంటే పెద్ద మోటారు హోరు జారిపోయింది.

బకెట్లు ఎక్కడివక్కడ వదిలేసి అందరూ లోపలికి ఉరికారు. మొదటి లైటు వెలుగుతోంది. రెండోది వెలుగుతోంది. మూడోది ఆరిపోయి ఉంది.

మూడోది వేడి కాపలా. శ్రవణ్ కుమార్ నిట్టూర్చాడు. మోటారు వేడెక్కుతోందని తాను మొదటి నుంచీ అంటున్నదే కదా, ఇప్పుడు లైటు కూడా అదే చెప్పింది అన్నాడు. నాగేశ్ కూడా తలూపాడు.

"వెంటనే పచ్చ బటన్ నొక్కుండ్రి సార్," అంది ప్రేమలత. "నిజంగ వేడెక్కి ఆగితే అది చల్లబడేదాంక మళ్ళ లెవ్వదు. పావుగంటన్న పడుతది. లేచిందంటే అది వేడి కాదు. వేడైందని అబద్ధం చెప్పే తీగ."

శ్రవణ్ కుమార్ బటన్ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. నొక్కాడు. మోటారు లేచింది.

నాగేశ్ గబగబా వెళ్ళి మోటారు ఒంటి మీద అరచేయి ఆనించాడు. అలాగే ఉంచి, వెనక్కి తిరిగి నవ్వాడు. చేయి ఉంచగలిగినంత వేడే ఉంది.

మోటారును మళ్ళీ ఆపి, మెయిను తీసేసి, వేడి కాపలా తీగ వెంటే నడిచారు. అది మోటారు నుంచి గోడ వెంబడి వచ్చి, చిన్న మోటారు నీళ్ళు తోడే పైపుకే కట్టి ఉంది. ఎవరో తీగకు వేరే దారి వెతకడానికి బద్ధకించి, ఎదురుగా ఉన్న పైపుకు కట్టేసి పోయారు. చిన్న మోటారు లేచినప్పుడల్లా ఆ పైపు వణుకుతుంది. పైపు పక్కనే గోడకు ఒక చిన్న ఇనుప డబ్బా, లోపల తీగల అతుకులు. నాగేశ్ మూత విప్పాడు. ప్రేమలత టార్చి వేసింది. ఒక స్క్రూ తుప్పుపట్టి వదులైంది. దాని కింద తీగ కొస నల్లగా మాడి ఉంది. వేలితో తాకితే కదిలింది. పైపు వణికినప్పుడు ఒక్కోసారి అది స్క్రూను వదిలేది, వెంటనే మళ్ళీ తగిలేది.

మల్లయ్య వంగి చూసి, ఇంత పెద్ద మోటారును ఇంత చిన్నది ఆపుతుందా అని అడిగాడు. శ్రవణ్ కుమార్ ఆ స్క్రూను అరచేతిలో వేసుకుని చూస్తున్నాడు.

మాడిన కొస కత్తిరించి, కొత్త స్క్రూ బిగించి, తీగను పైపు మీద నుంచి విప్పి గోడకు వేరేగా కట్టారు. మోటారు లేపారు. చిన్న మోటారు గుర్రుమంది, పెద్దది నడిచింది. నాగేశ్ అక్కడితో చేతులు కడుక్కోబోయాడు. ప్రేమలత ఒప్పుకోలేదు. బాగుచేయకముందు కూడా అది అయిదుసార్లు ఊరుకుని ఆరోసారి ఆగింది, ఒక్కసారి ఆగలేదని తగ్గిందనుకుంటే మళ్ళీ మోసపోతాం, కనీసం ముప్పైసార్లు చూడాలి అంది. ముప్పై అంటే నూట ఇరవై బకెట్లు. లారీ డ్రైవరు ఆమె వైపు దీనంగా చూసి, బకెట్ అందుకున్నాడు.

వాళ్ళు లెక్క కోసం గోడ మీద సుద్దతో గీతలు గీశారు. పదో గీత దగ్గర ప్రేమలత కూడా వరసలోకి దిగింది. పద్దెనిమిదో గీత గీసేసరికి పక్క ఊరి నుంచి జోగులమ్మ ఫోను చేసింది. ఆమె ఆ ఊరి సర్పంచి, మూడు రోజులుగా శ్రవణ్ కుమార్‌ను నిద్రపోనివ్వని మనిషి. ట్యాంకులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడుతోంది, ఇది నిజమేనా, మళ్ళీ ఆగుతుందా అని అడిగింది. శ్రవణ్ కుమార్ ఫోను ప్రేమలత చేతికిచ్చాడు. ఇంకో పన్నెండుసార్లు చూసి చెప్తానంది ఆమె. అదేమిటో జోగులమ్మకు అర్థం కాలేదు గాని, బిందెలు పెట్టుకోవచ్చా అని మాత్రం అడిగి తెలుసుకుంది.

ముప్పయ్యో గీత గీసేసరికి నాలుగు దాటి ఇరవై నిమిషాలైంది. మూడు లైట్లూ వెలుగుతున్నాయి. మల్లయ్య అరుగు మీద కూలబడి, తడిసిన పంచె పిండుకుంటూ, ఎవరితోనూ కాకుండా నవ్వుకుంటున్నాడు. శ్రవణ్ కుమార్ రిజిస్టరు తీసి తానే రాశాడు: వాల్వు రేకు వంగింది, సరిచేశాం. వేడి కాపలా తీగ వదులైంది, సరిచేశాం. కింద సంతకం పెట్టి, కనిపెట్టినది ప్రేమలత అని ఇంకో వాక్యం చేర్చి, మరోసారి సంతకం పెట్టాడు. రేకును తొక్కింది ఎవరని అడగలేదు. ఆమె చెప్పలేదు.

నాగేశ్ వెళ్ళిపోయేముందు ఆ రిలేలకు తీగలు కలిపిన తీరు ఒక కాగితం మీద గీసి ఇమ్మన్నాడు. తన షెడ్డుకు వచ్చే మోటార్లలో ఎన్ని ఇట్లా ఊరికే వచ్చాయోనని అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాడు. గీత అర్థమయ్యేదాకా రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొలుసులు గలగలమంటూ ఖాళీ లారీ రాజోలి రోడ్డెక్కింది.

జూన్‌లో నదికి కొత్త నీళ్ళు వచ్చేదాకా ఆ మోటారు ఒక్కసారి కూడా కారణం లేకుండా ఆగలేదు. ఆ నెలాఖరులో శ్రవణ్ కుమార్ ఫోను చేశాడు. నాగర్‌కర్నూల్ అవతల, అచ్చంపేట దారిలో ఇంకో పంపుహౌసు ఉందనీ, అక్కడి మోటారు వాన పడ్డ రోజుల్లోనే ఆగుతోందనీ, అదీ అన్ని వానలకూ కాదనీ చెప్పాడు. వైండింగు మార్చాలంటున్నారట. నువ్వొకసారి పోయొస్తావా అని అడిగాడు.

ఏ వానకు ఆగింది, ఏ వానకు ఆగలేదు, గాలి ఎటునుంచి వీచింది, అక్కడివాళ్ళు రాసిపెట్టారా అని ప్రేమలత అడిగింది. రాయలేదన్నాడు. ఆమె అప్పటికే రేపు పొద్దుటి బస్సు ఎన్నింటికో మల్లయ్యను సైగలతో అడుగుతోంది.